ఎదుటి గోడ

నాకు నోరెక్కువ. అందరూ అనే మాటే, నేనూ కాదనను. అలాంటి దానికి నోట మాట రాకుండా చేసిన ఎండాకాలం ఒకటుంది. చేసింది ఇంకెవరో కాదు, మా అమ్మ. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు.

మా నాన్న రాతి మీద అక్షరాలు చెక్కుతాడు. సమాధిరాళ్ళు, శంకుస్థాపన రాళ్ళు, గేటు పక్కన పెట్టుకునే ఇంటి పేర్లు, ఏదైనా ఆయన చెయ్యి పడాల్సిందే. వీధిలో అందరూ ఆయన్ని అక్షరాలాయన అనే పిలుస్తారు. సుద్దతో రాయి మీద అక్షరాలు రాసిపెట్టేది నేను, ఆ గీత మీద ఉలి నడిపేది ఆయన. ఇంటి ముందు రేకుల షెడ్డే మా కార్ఖానా. మా ఇంట్లో ఏం తిన్నా రాతిపొడి రుచే వస్తుందని అన్నయ్య వెక్కిరించేవాడు.

అన్నయ్య క్వారీలో డ్రిల్లింగ్ పని చేసేవాడు. ఆ ఎండాకాలానికి మూడేళ్ళ ముందు కొండ వాలు మీంచి ఒక బండ జారింది. వాడికి ఇరవై రెండేళ్ళు. ఊళ్ళో అందరి సమాధుల మీదా పేర్లు చెక్కిన మా నాన్న, కన్నకొడుకు సమాధికి మాత్రం ఒక్క గీత పెట్టలేకపోయాడు. రాయి కోసేవాడు, నునుపు చేసేవాడు, ఉలి పట్టుకునేవాడు. అక్కడ ఆగిపోయేవాడు. మూడేళ్ళూ అది మట్టిదిబ్బగానే ఉండిపోయింది. వాన పడినప్పుడల్లా కాస్త కాస్త తగ్గేది, అమ్మ వెళ్ళి మళ్ళీ మట్టి వేసి వచ్చేది.

అమ్మది ఇంకో రకం మొండితనం. వారం వారం మందిరం నేల కడగడం ఎప్పటి నుంచో ఆవిడ పని, అది మానలేదు. కానీ సరిగ్గా ప్రార్థన మొదలయ్యే వేళకి బకెట్, గుడ్డ తీసుకుని బయటికొచ్చి మెట్ల మీద కూర్చునేది. మూడేళ్ళలో ఒక్కసారి కూడా లోపల మోకాలు వంచలేదు. "లోపలికి రావమ్మా" అని మందిరం పెద్ద ఎన్నోసార్లు బతిమాలాడు. "నేల తడిగా ఉంది, ఆరనివ్వండి" అనేది. ఎన్ని వారాలకని ఆరుతుంది ఆ నేల?

క్వారీ యజమాని కారు వీధిలో కనబడితే తలుపు వేసేసుకునేది. ఆయన చెడ్డవాడేం కాదు. ఆ రోజు అన్నయ్యని తన కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు, సీటంతా రక్తమైనా చూసుకోలేదు. కానీ వారం పోయాక పలకరించడానికి వచ్చి, "ఏం చేస్తామమ్మా, కొండ తీసుకుంది" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. ఆ మాట మాత్రం అమ్మకి ముల్లులా దిగింది.

ఆ కారు ఎండలు మొదలైన వారంలో మా షెడ్డు ముందు ఆగింది. క్వారీ యజమాని, ఆయన వెనక మందిరం పెద్ద దిగారు. అంతకుముందు వానల్లో మందిరం పైకప్పు కూలిపోతే మందిరాన్నే కొత్తగా కడుతున్నారు. గోడలు లేచాయి, కప్పు పడింది, ఇక లోపలి పనే మిగిలింది.

"ఎదుటి గోడకి నా కొండ నల్లరాయే వేద్దామయ్యా" అన్నాడు క్వారీ యజమాని. నా కొండ అనేది ఆయన ఊతపదం. "ఇరవై నాలుగు పలకలు. అద్దంలా మెరవాలి."

మందిరం పెద్ద గొంతు సవరించుకున్నాడు. "దానం చేసినవాళ్ళ పేర్లు ఆ పలకల మీద చెక్కిద్దామని కమిటీ అనుకుంది. పలకకి ఒక పేరు. నేల మీద వేస్తే అందరూ తొక్కుతారు, బాగుండదు. ఎదుటి గోడ అయితే ప్రార్థన చేసేవాళ్ళందరికీ కనబడుతుంది. మధ్యలో పెద్ద పలక అయ్యగారిది."

"నీ కష్టం కూడా దానం కిందే వేద్దాం" అన్నాడు క్వారీ యజమాని. "ఊరికే కాదులే. ఒక పలక నీకు. ఎవరి పేరు పెట్టుకుంటావో నీ ఇష్టం."

నాన్న నీళ్ళు నమిలాడు. మాకు రాయి వచ్చేది ఆ క్వారీ నుంచే, ఆయన్ని కాదంటే మా ఉలికి పనిలేదు. అలాగని ఔననడానికీ నోరు రావడం లేదు. అంతలో లోపలి నుంచి అమ్మ వచ్చింది. చేతిలో రెండు గ్లాసుల నీళ్ళు. మూడేళ్ళుగా ఎవరిని చూసి తలుపేసుకుందో ఆయనకే ఒక గ్లాసు అందించింది.

"మా వాడి పేరు పెట్టుకోవచ్చా బాబూ?"

నేను సుద్దముక్క పట్టుకుని అలాగే కొయ్యబారిపోయాను. క్వారీ యజమాని గ్లాసు తీసుకుని, తాగకుండా, "తప్పకుండానమ్మా" అన్నాడు. వాళ్ళు వెళ్ళాక అడిగాను, "ఏంటమ్మా, ఉన్నట్టుండి ఆయనకి మర్యాదలు?" అని.

"వాడి పేరు ఎక్కడో ఒకచోట ఉండాలే. మట్టి మీద నిలబడదు. రాయి మీద ఉంటే నేనూ లోపలికెళ్ళి కూర్చుంటాను" అంది.

నాన్న ఆ మాట విని తల ఎత్తాడు. నాకప్పుడు అర్థమైంది, ఆ పలక ఒక్కటి చెక్కితే చాలు, అమ్మ మళ్ళీ ప్రార్థనకి మందిరంలో అడుగుపెడుతుంది. ఇక మా ఇంట్లో ఆ ఎండాకాలమంతా దానికోసమే.

లారీలో పలకలు దిగాయి. ఒక వైపు క్వారీలో మేకులు కొట్టి విడగొట్టినప్పటి గరుకు అలాగే ఉంది. రెండో వైపు మేం మెరుగు పెట్టాలి. నీళ్ళు పోస్తూ ముందు ముతక రాయితో రుద్దాలి, తర్వాత దానికంటే సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. రోజులు పడుతుంది. ముందు రాయి బూడిద రంగులో ఉంటుంది, తర్వాత నల్లబడుతుంది, ఆఖరికి రుద్దేవాడి ముఖం అందులో తేలుతుంది. మీసం మొనలు కనబడేదాకా నాన్న వదలడు. ఆ మెరుగు ఆయన గర్వం. చేతులు పుళ్ళు పడినా సరే, "ఇందులో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు" అనిపించుకోవాలి.

ఇక దాతల సంగతి చెప్పాలంటే ఒక రోజు చాలదు. కిటికీలిచ్చిన దర్జీ, ఫ్యాన్లిచ్చిన తన బావమరిది పేరు కంటే తన పేరు ఒక వరస పైన ఉండాలన్నాడు. లాయరు తన డిగ్రీలన్నీ రాయించుకోవాలని చూస్తే పలక చాలలేదు. "పేరు తీసేసి డిగ్రీలే పెట్టమంటారా?" అని అడిగాను. నాన్న నన్ను కసిరాడు గానీ మీసాల్లో నవ్వుకున్నాడు. తలుపులిచ్చిన కాంట్రాక్టరు రోజూ వచ్చి తన అక్షరాలు కొలిచి వెళ్ళేవాడు, అవి రాత్రికి రాత్రి ఎక్కడ చిక్కిపోతాయోనని. క్వారీ యజమాని మాత్రం ఒక్కసారే వచ్చాడు. అరచెయ్యంత అక్షరాలు చూసి, "ఈ కొండరాయి ఫలానా వారి దానం" అని తన పేరుతో పైకి చదువుకుని, తృప్తిగా తల ఊపి వెళ్ళాడు.

ఇరవై మూడు అయ్యాయి. ఆఖరిది మిగిలింది.

నేను అన్నయ్య పేరు సుద్దతో రాశాను. మూడే అక్షరాలు. నాన్న వచ్చి చూసి తడిగుడ్డతో తుడిచేశాడు. మళ్ళీ రాశాను, మళ్ళీ తుడిచాడు. మూడోసారి, "నాన్నా, ఇంతకంటే బాగా నాకు రాదు" అన్నాను. ఏడుపొచ్చేసింది. ఆయన కూర్చుని ఉలి ఆనించాడు. పొద్దున్న కూర్చున్నవాడు మధ్యాహ్నం దాకా లేవలేదు, మంచినీళ్ళు కూడా అడగలేదు. అంత బాగా చెక్కిన అక్షరాలు ఆయన జీవితంలోనే లేవు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు, చిన్నప్పటి నుంచీ ఆయన చెక్కినవన్నీ రాసిచ్చింది నేనే.

అమ్మకి చదువు రాదు. ఇన్ని వేల అక్షరాలు మా గుమ్మంలో పుట్టినా ఒక్కటి నేర్చుకోలేదు. ఆ సాయంత్రం పలక ముందు కూర్చుని వేలితో ఆ గాడుల్లో రాసుకుంటూ పోయింది. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ మొదటి నుంచి. "ఇది వాడేనా?" అని అడిగింది. ఔనన్నాను. మర్నాటికి ఇసుకలో వేలితో రాయడం వచ్చేసింది ఆవిడకి. నలభై ఏడేళ్ళకి మా అమ్మ నేర్చుకున్న అక్షరాలు ఆ మూడే.

పలకలు మందిరానికి చేరాయి. సిమెంటు పెట్టి బిగించే ముందు వరస సరిచూసుకోవాలని, నాన్నా మేస్త్రి బాబాయీ కలిసి వాటిని ఎదుటి గోడకి ఆనించి చెక్కదిమ్మలతో నిలబెట్టారు. మేస్త్రి బాబాయి నాన్నకి చిన్ననాటి స్నేహితుడు. పని చేస్తూ నవ్వించడం, నవ్వించడం కోసం పని ఆపడం ఆయన అలవాటు. పలకలు నిలబెట్టారని తెలిసి దాతలంతా వచ్చేశారు. అందరూ తమ తమ పేర్లు వెతుక్కుని, దొరికాక ఒకరి వీపు ఒకరు తట్టుకున్నారు.

"ఎలాగూ అందరం కలిశాం, ఒకసారి ప్రార్థన చేసుకుందాం" అన్నాడు మందిరం పెద్ద.

అందరూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. అమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. నాన్న వెనక్కి తిరిగి చూశాడు, ఆ చూపులో ఎంత ఆశ ఉందో నేను చెప్పలేను. అమ్మ చీర కొంగుతో కాళ్ళు తుడుచుకుని లోపలికొచ్చింది. మూడేళ్ళ తర్వాత మోకాళ్ళ మీద కూర్చుంది. సరిగ్గా అన్నయ్య పలకకి ఎదురుగా.

నేను కళ్ళు మూసుకోలేదు, అది నా అలవాటే. అందుకే చూశాను. పదిమంది మోకరించి ఉన్నారు, ఎదురుగా నల్లరాతిలో పదిమందీ మళ్ళీ ఉన్నారు, ఎవరి పేరు వాళ్ళ నుదుటి మీద ఉన్నట్టు. దర్జీ ఒక కన్ను తెరిచి కాలరు సర్దుకున్నాడు. లాయరు తల దువ్వుకున్నాడు. క్వారీ యజమాని రాతిలో తనని తాను చూసుకుంటూ మెడ నిటారుగా పెట్టాడు. మందిరం పెద్ద దేవుణ్ణి గట్టిగా పొగుడుతున్నాడు. నవ్వొచ్చింది నాకు. పక్కకి తిరిగి నాన్నకి చూపించబోయాను. నాన్న తన ముఖాన్ని తానే చూసి గుడ్లప్పగించి ఉన్నాడు. నా నవ్వు అక్కడే ఆరిపోయింది.

ఉన్నట్టుండి అమ్మ లేచింది. ప్రార్థన మధ్యలో, అందరి మధ్య నుంచి, గబగబా బయటికి వెళ్ళిపోయింది. వెనకాలే పరుగెత్తాను. "ఏమైందమ్మా?" అంటే పలకలేదు. రెండు రోజులు మాట్లాడలేదు. జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూశాను, లేదు.

మూడో రోజు వంటింట్లో నాన్నకి భోజనం పెడుతూ చెప్పింది.

"ఏవండీ, ఆ రాయి తీసెయ్యండి."

నాన్న చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏ రాయి?"

"వాడిది."

"నీకోసమే కదా చెక్కాను! మూడేళ్ళు నా చెయ్యి ఆడలేదు, నువ్వు లోపలికొస్తావనే కదా..."

"వచ్చాను కదండీ. వచ్చి ఎవరికి మొక్కాను? పైనున్న ఆయనకి కాదు, వీడికి. పేరుకి మొక్కాను. ఆ పేరు చూసేసరికి ఇంకెవరూ గుర్తు రాలేదు నాకు. మూడేళ్ళు ఆయన మీద కోపంతో బయట కూర్చున్నాను, అది వేరు. లోపలికెళ్ళి, ఆయన ముందే కూర్చుని, ఆయన్ని పక్కకి నెట్టి... నాకు భయం వేసిందండీ. అంత భయం వాడు పోయిన రోజు కూడా వెయ్యలేదు."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. మా అమ్మ ఇంత పెద్ద మాటలు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. కొడుకు పేరు కోసం ముల్లు మింగి శత్రువుకి నీళ్ళిచ్చిన మనిషి, ఆ పేరే వద్దంటోంది.

నాన్న పళ్ళెం వంకే చూస్తూ, "మనదొక్కటే తీసి ఏం లాభం? మిగతా ఇరవై మూడూ అలాగే ఉంటాయి కదా. మొన్న నాకు నేనే కనిపించాను. నేను పెట్టిన మెరుగే అది" అన్నాడు. తర్వాత ముద్ద పళ్ళెంలో పెట్టేసి లేచాడు. "పద, వెళ్ళి అడుగుదాం."

ముగ్గురం క్వారీ ఆఫీసుకి వెళ్ళాం. అన్నయ్య పోయాక అమ్మ ఆ దారిలో అడుగుపెట్టడం అదే మొదలు. చిన్న గది, కిటికీ అవతల సగం కోసిన కొండ. బయట రాళ్ళు పిండి చేసే యంత్రం గోలకి గది అద్దాలు అదురుతున్నాయి.

నాన్న నిలబడే చెప్పాడు. "బాబూ, ఎదుటి గోడకి పేర్లు వద్దండి. ఖాళీ పలకలు వేద్దాం. మెరుగు కూడా వద్దు. కావాలంటే బయట వరండాలో పేర్లు పెడదాం, ఎంత పెద్దవైనా చెక్కిస్తాను."

క్వారీ యజమాని నవ్వాడు. "చెక్కేవాడివి చెక్కక నీకెందుకయ్యా ఇవన్నీ? అందరూ ఒప్పుకున్నదే కదా. కొండ నాది, రాయి నాది. నా పేరు లేకపోతే నేనిచ్చానని ఎలా తెలుస్తుంది?"

"ఎవరికి తెలియాలి బాబూ?" అంది అమ్మ.

ఆయన తడబడ్డాడు. "అందరికీ."

"కొండ మీదేనా?"

"నాదే. కాగితాలున్నాయి."

"అయితే నా కొడుకుని తీసుకుంది మీరే."

నాన్న "ఏయ్" అని అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. అమ్మ విడిపించుకుంది, గొంతు మాత్రం పెంచలేదు.

"కొండ తీసుకుందని మీరే అన్నారు. కొండ మీదైతే తీసుకుంది మీరే కదా. మీది కాదంటే చెప్పండి. ఎవరిదో వాళ్ళనే అడుగుతాను."

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. బల్ల మీద ఉన్న గ్లాసు అటూ ఇటూ జరిపాడు. చాలాసేపటికి, మా వైపు చూడకుండా, "ప్రారంభానికి అందరినీ పిలిచాం. పేర్లు ఉండాల్సిందే. కాదంటే ఇకముందు నీ షెడ్డుకి రాయి ఎక్కడి నుంచి వస్తుందో చూసుకో" అన్నాడు నాన్నతో.

ఇంటికొచ్చాక అమ్మ ఒక్క మాటే అంది: "మన రాయి అయినా తీసెయ్యండి."

మర్నాటి నుంచి నాన్న, మేస్త్రి బాబాయి ఎదుటి గోడకి అడ్డంగా తెర కట్టుకుని పని మొదలుపెట్టారు. నన్ను రావద్దన్నారు, సిమెంటు పని నీకెందుకు అని. ప్రారంభం రోజే తెర తీయాలని కమిటీ కోరిక కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అయిదు రోజులు పట్టింది. ఆ అయిదు రోజులూ మేస్త్రి బాబాయి ఒక్క జోకు కూడా వేయలేదు. నేనే రెచ్చగొట్టినా ఉలుకూ పలుకూ లేదు. "ఏంటి బాబాయ్, నోరు కూడా సిమెంటు పెట్టి పూడ్చేశావా?" అంటే తల వంచుకుని వెళ్ళిపోయాడు. నాన్న ఇంటికొచ్చి స్నానం చేసి పడుకునేవాడు. అన్నయ్య పలక తీసేసి ఉంటాడనీ, ఇరవై మూడే బిగించి ఉంటాడనీ అనుకున్నాను. అమ్మ కూడా అలాగే అనుకుని ఉంటుంది. ప్రారంభానికి ముందు రోజు సాయంత్రం నేలంతా ఎప్పటికంటే రెండుసార్లు ఎక్కువ కడిగొచ్చింది.

ప్రారంభం రోజు మందిరం కిక్కిరిసిపోయింది. చెప్పులు మెట్ల దాకా పరుచుకుని ఉన్నాయి. దర్జీ కొత్త కోటు వేసుకొచ్చాడు. కాంట్రాక్టరు బంధువులందరినీ తెచ్చాడు. క్వారీ యజమానికి ముందు వరసలో కుర్చీ వేశారు, మిగతావాళ్ళంతా నేల మీదే. అమ్మ మాత్రం ఎప్పటిలాగే గుమ్మం బయట. మందిరం పెద్ద నాలుగు మంచి మాటలు చెప్పి తెర తాడు లాగాడు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఎక్కడో పొరపాటున వేరే గోడ చూస్తున్నామేమో అనిపించింది. మెరుపు లేదు, అక్షరం లేదు, ముఖాలు లేవు. ఇరవై నాలుగు పలకలూ గరుకుగా, కొండలోంచి ఊడొచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మేకు దెబ్బల గాట్లు, ఎగుడు దిగుడులు, అక్కడక్కడ ఇనుప మరకలు. మధ్య పలక కూడా అంతే, కాస్త పెద్దది, అంతే.

పిడుగు పడ్డట్టయింది అందరికీ. ఎక్కడో పసిపాప ఏడ్చింది. క్వారీ యజమాని కుర్చీలోంచి లేచాడు.

"నా పేరేది?"

నాన్న గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

"ఉందండి. ఒక్కటీ చెరపలేదు. ఒక్క పలకా మార్చలేదు. చెక్కిన ముఖం లోపలికి పెట్టి బిగించాను."

"గోడ వైపుకా?"

"గోడ వైపుకే. ఇక ఎవరు లాగినా రావు. పగలగొట్టాల్సిందే."

అప్పుడు లేచాయి గొంతులు. దర్జీ "ద్రోహం" అన్నాడు. లాయరు నోటీసు అన్నాడు. ఎవరో మేస్త్రి బాబాయి కాలరు పట్టుకోబోయారు. మందిరం పెద్ద రెండు చేతులూ ఎత్తి, "ఎందుకు చేశావయ్యా ఈ పని?" అన్నాడు. కోపం కంటే బాధే ఎక్కువ ఆయన గొంతులో.

నాన్న మాటల మనిషి కాదు. రాతి మీద తప్ప ఆయనకి మాటలు రావు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా అంచు పట్టుకున్నాడు. "మొన్న అందరం మోకరించామండి. ఎదురుగా మనమే ఉన్నాం. దేవుడి ముందు కూర్చుని తల దువ్వుకున్నాం. నేనూ చూసుకున్నాను నా మీసం. ఆ రాయి మనం చేసింది కాదు కదండీ... ఆయన రాయి తెచ్చి, ఆయన గోడకే పెట్టి, దాని మీద మన పేర్లు. నాకు చాలా భయం వేసింది. అంతకంటే చెప్పడం నాకు చేతకాదు."

లాయరు చెయ్యి తెలియకుండానే తల మీదికి వెళ్ళి, టక్కున దిగింది.

"ఏవండీ."

గుమ్మంలోంచి అమ్మ. జనం పక్కకి జరిగారు. ఆవిడ గోడ దాకా నడిచొచ్చింది, అందరినీ దాటుకుని, క్వారీ యజమాని కుర్చీ దాటుకుని. నాన్న ముందు నిలబడింది.

"ఇరవై నాలుగున్నాయి. వాడిది తియ్యలేదా?"

"లేదు. వాడూ ఉన్నాడు."

అమ్మ చెయ్యి గోడ మీద పడింది. ఒక పలక, దాని పక్క పలక, కింది వరస. గరుకు మీద అరచెయ్యి గీసుకుపోతున్నా ఆపలేదు. "ఎక్కడ? ఎన్నోది?"

"తెలీదు."

"తెలీదంటే?"

"మెరుగు వైపు కిందికి పెట్టి, నేనూ మేస్త్రీ పెద్దది తప్ప పలకలన్నీ కలిపేశాం. ఒకటి తర్వాత ఒకటి, ఏది చేతికొస్తే అది. నాకూ తెలీదు. మేస్త్రీకీ తెలీదు."

అమ్మ ఆయన చొక్కా గుండెల దగ్గర పట్టుకుంది. మా అమ్మ మా నాన్న మీద చెయ్యి వేయడం నేనెప్పుడూ చూడలేదు, అదీ ఇంతమందిలో. "తీసెయ్యమన్నాను గానీ నాకే తెలియకుండా చెయ్యమన్నానా? మూడేళ్ళకి దొరికాడు నాకు. మూడక్షరాలు నేర్చుకున్నాను..." గుండీ ఒకటి తెగి నేల మీద దొర్లింది.

నాన్న ఆవిడ చేతులు విడిపించుకోలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. "తెలిస్తే దాని ముందే కూర్చుంటావే. నేనూ అంతే. నన్ను నేను నమ్మలేక కలిపేశాను" అన్నాడు.

అమ్మ చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది. అమ్మ ఆయన్ని కొడుతుందేమో అనిపించింది, లేకపోతే బయటికి నడిచి వెళ్ళిపోయి ఇక జన్మలో ఆ మెట్లెక్కదేమో అనిపించింది. చేతులు ఒక్కొక్క వేలుగా వదిలింది. గోడ వైపు తిరిగింది. ఏ పలకకీ ఎదురుగా కాదు, అక్కడే, నిలబడ్డ చోటే మోకాళ్ళ మీద కూలబడింది.

కళ్ళు మూసుకోలేదు. చేతులు జోడించలేదు. పొరుగింటివాళ్ళతో పోట్లాటకి దిగినప్పటి గొంతుతో, అందరికీ వినబడేలా అంది:

"అంతా నీదే కదా. కొండా నీదే. వాడూ నీవాడే. ఉంచుకో."

మందిరం పెద్ద ముఖం పాలిపోయింది. దేవుడితో అలా మాట్లాడిన మనిషిని ఆయనెప్పుడూ చూసి ఉండడు. నేనూ చూడలేదు. ఏం జరగబోతోందో అన్నట్టు పైకప్పు వంక చూశాను. ఏమీ జరగలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

తర్వాత అమ్మ, ఈసారి నెమ్మదిగా, వాడు పనికి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర రోజూ చెప్పినట్టే, "జాగ్రత్త" అంది. అని నుదురు నేలకి ఆనించింది.

క్వారీ యజమాని ఆవిడకి రెండు చేతుల దూరంలో నిలబడే ఉన్నాడు. కుర్చీ వెనక ఉంది, అందులో కూర్చోలేదు. ఆయన చెయ్యి గోడ మీదికి వెళ్ళి, తన పేరు ఉండాల్సిన చోట ఆగి, వెనక్కి వచ్చింది. ఆ లావుపాటి మనిషి ఒక మోకాలు, తర్వాత రెండోది, కష్టపడి వంచి నేల మీద కూర్చున్నాడు. "అమ్మా" అన్నాడు. అమ్మ తల ఎత్తలేదు. ఆయనా తల వంచాడు. ఆయన వెనక దర్జీ కూర్చున్నాడు. ఆ వెనక ఒక్కొక్కరే కూర్చున్నారు. కూర్చోనివాళ్ళు బయటికి వెళ్ళిపోయారు, వాళ్ళూ తక్కువేం కాదు.

నేను అమ్మ పక్కన కూర్చున్నాను. ప్రార్థనలో జన్మలో కళ్ళు మూయని దాన్ని, ఆ రోజు మూసుకున్నాను. అడగడానికి ఒక్క మాటా దొరకలేదు.